నూట డెబ్బై రెండు గెలుపులూ రద్దు

పోయిన వారం మనం మొమోసే కిసాను ఇనాహో స్టూడియో రెండో అంతస్తులో, చేతిలో సగం కొరికిన అన్నం ముద్దతో వదిలేసి వచ్చాం. పాపం, ఆ ముద్ద ఇంకా ఆమె చేతిలోనే ఉంది. మింగడానికి సందు దొరకలేదు.

సంగతేమిటంటే, "దూకరా సోకిచీ!" అనే కార్టూన్ ఆరేళ్ళుగా ప్రతి ఆదివారం సాయంత్రం పిల్లలందర్నీ టీవీల ముందు కూర్చోబెడుతోంది. మూడో తరగతిలో వెదురు కత్తి పట్టి కెండో బరిలోకి దూకిన సోకిచి, చూస్తూండగానే పదిహేనేళ్ళ వాడయ్యాడు. ఇంకో మూడు వారాల్లో జాతీయ పోటీల ఫైనల్ ఆడేసి మన దగ్గర సెలవు తీసుకుంటాడు. ఆ ఆఖరి భాగం తీయాల్సిన డైరెక్టరుగారు కడుపులో పుండుతో ఆసుపత్రి మంచమెక్కి, "నువ్వే తీసెయ్" అంటూ దాన్ని కిసా నెత్తిన పెట్టారు. పద్నాలుగేళ్ళుగా పక్కవాళ్ళ బొమ్మలకు మెరుగులు దిద్దుతున్న కిసాకు తన పేరుతో తెరకెక్కబోయే మొదటి భాగం అదే. ఆ సంతోషం అరగకముందే, తడిసిన గొడుగు మడుచుకుంటూ, వీధి చివర పిల్లలకు కెండో నేర్పే ఇవాత్సుకి మాస్టారు మెట్లెక్కి వచ్చి ఒక్క మాట అన్నారు.

"మీ సోకిచి ఇంతవరకూ ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు."

ముందుగా నవ్వింది ఉషియో. స్టూడియోలో కాగితం నుంచి కరెంటు దాకా లెక్క చూసే నిర్మాణ నిర్వాహకుడు ఆయనే. నవ్వడంలో కూడా పొదుపు మనిషి. రెండుసార్లు "హ, హ" అని ఆపేశాడు.

"మాస్టారూ, మీరేదో వేరే ఛానెల్ చూసినట్టున్నారు. మావాడు ఓడిపోవడమే అరుదండీ."

మాస్టారు జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశారు. డెబ్బై తొమ్మిదేళ్ళ మనిషి, వెన్ను మాత్రం గోడకు కొట్టిన మేకులా నిటారుగా ఉంది. కళ్ళజోడు సర్దుకుని చదివారు.

"నూట డెబ్బై రెండు మ్యాచ్‌లు. నూట డెబ్బై రెండింటిలోనూ దెబ్బ బాగానే తగిలింది. ఆ తర్వాత ఆ కుర్రాడు చేసిన పని మాత్రం నూట డెబ్బై రెండుసార్లూ ఒకటే."

ఏం చేశాడో అక్కడున్న అందరికీ తెలుసు. దేశమంతటికీ తెలుసు. కొట్టగానే సోకిచి గాల్లోకి ఎగురుతాడు, కుడి పిడికిలి కప్పు పగిలిపోయేలా పైకి లేస్తుంది, "కొట్టేశా!" అని అరుస్తాడు. తొమ్మిది సెకన్లు. పిల్లలు బళ్ళో అలాగే ఎగురుతారు. పెళ్ళిళ్ళలో తాగిన పెద్దవాళ్ళూ అలాగే ఎగురుతారు.

"పిడికిలి ఎత్తితే పాయింటు రద్దు," అన్నారు మాస్టారు. "కెండోలో అది నియమం. కొట్టావు, సరే. ఎదుటివాడు ఇంకా నీ ముందే ఉన్నాడు కదా! వాడు ఉన్నాడని మర్చిపోయి గంతులేస్తే, రెఫరీలు ఎత్తిన జెండాలు దించేసి అడ్డంగా ఊపేస్తారు. దెబ్బ తగలనట్టే లెక్క."

మాటలతో నమ్మరనుకున్నారో ఏమో, గొడుగు రెండు చేతులా పట్టుకుని ఒక్క అడుగు ముందుకేసి, గోడ మీద పన్నెండు నెలలూ వరసగా అంటించిన క్యాలెండర్ నెత్తిన ఠప్పున ఒకటి వేశారు. జూన్ నెల చిరిగి కింద పడింది. మాస్టారు మాత్రం గొడుగు మొన ఆ క్యాలెండర్ వైపే పెట్టి, రెప్ప వేయకుండా అలాగే నిలబడిపోయారు. ఎంతసేపు? ఉషియో బల్ల మీద బార్లీ టీ చల్లారిపోయేంతసేపు. మే నెలకూ జూలైకీ మధ్య ఖాళీ గోడను చూస్తూ ఉషియో, "అది కొత్తదండీ," అని గొణిగాడు.

కిసాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది. ఎందుకంటే ఆ పిడికిలి ఆమెది. ఆరేళ్ళ కిందట బజారు వీధి లాటరీలో ఆమెకు రైస్ కుక్కర్ తగిలింది. జీవితంలో ఆమెకు తగిలిన మొదటి లాటరీ అది. వీధి మధ్యలో అలాగే ఎగిరి, అలాగే పిడికిలెత్తి, అలాగే అరిచింది. వెనకాల వరసలో డైరెక్టరుగారు ఉల్లికాడల సంచీతో నిలబడి ఉన్నారు. మర్నాడు "నిన్నటిది గీసి పట్రా" అన్నారు. ఆ తొమ్మిది సెకన్లకు గీసి, రంగులేసిన పారదర్శకపు షీట్లన్నీ ఉషియో ఒక ఇనప బీరువాలో దాచాడు. సోకిచి గెలిచినప్పుడల్లా వాటినే తీసి మళ్ళీ కెమెరా కింద పెట్టడం, మళ్ళీ బీరువాలో పెట్టడం. ఏడాదికోసారి వాణ్ణి కాస్త పొడుగు చేసి కొత్త జత గీస్తారు, అంతే. బీరువా తాళంచెవి ఉషియో మెడలో తాడుకు వేలాడుతూ ఉంటుంది, స్నానానికి కూడా తీయడని చెప్పుకుంటారు. స్టూడియోలో కిసాను సగం మంది "పిడికిలి" అనే పిలుస్తారు. ఆమెకు అది ఇష్టం కూడా.

"అయితే నేను గీసింది తప్పంటారా మాస్టారూ?" అంది. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

"చాలా బాగా గీశావమ్మా. అదే ప్రాణం తీస్తోంది. పోయిన ఆదివారం వార్డు పోటీల్లో మా పిల్లలు పద్నాలుగు పాయింట్లు కొట్టారు. పదకొండు రద్దు. అందరూ సోకిచిలే! రద్దు చేసిన రెఫరీని నేనే. అందులో ఒకటి మా మనవరాలిది. నాలుగు రోజులుగా నాతో మాట్లాడట్లేదు. భోజనం దగ్గర ముల్లంగి పచ్చడి గిన్నె కూడా వాళ్ళ నాయనమ్మ చేతికిచ్చి నాకు ఇప్పిస్తోంది." మాస్టారు గొడుగు బల్లకు ఆనించారు. "ఆఖరి మ్యాచ్‌లో ఒక్కసారి, ఒక్కసారైనా, వాణ్ణి నిలబడనివ్వండి."

ఉషియో వంగి నమస్కరించాడు. "తప్పకుండా. జాగ్రత్తగా పరిశీలిస్తాం."

"అంటే కుదరదని."

"అయ్యయ్యో, నేనలా అనలేదండీ."

"డెబ్బై తొమ్మిదేళ్ళుగా ఈ దేశంలోనే ఉన్నాను నాయనా," అని మాస్టారు గొడుగు తీసుకున్నారు. గుమ్మం దగ్గర ఆగి కిసా వైపు తిరిగారు. "శనివారం మధ్యాహ్నం మా బడికి రామ్మా. రైస్ కుక్కర్ గెలవడం వేరు, మనిషి మీద గెలవడం వేరు." లాటరీ సంగతి ఆయనకెలా తెలుసని అడగకండి. ఆ రోజు బజారు వీధిలో లేనివాళ్ళెవరు!

మాస్టారు అటు వెళ్ళగానే ఉషియో ముఖంలో మర్యాద దిగిపోయింది.

"చూడు మొమోసే. కమేగయా బొమ్మల కంపెనీ లేకపోతే మన సీరియలే లేదు. ఇదిగో, 'ఫైనల్ సోకిచి'. డబ్బాల్లో సర్దేశారు కూడా." సొరుగులోంచి అరచేయంత బొమ్మ తీసి వీపు నొక్కాడు. టక్! పిడికిలి లేచింది. "పిడికిలి లేని ఫైనల్ అంటే కమేగయా గారు ఊరుకుంటారా? ఆఖరి భాగాన్ని నీ చేతిలోంచి లాక్కుని ఇంకొకరికి ఇప్పిస్తారు. నీ మొదటి భాగం, నీ పేరు, అన్నీ గోవిందా. నాకు నువ్వంటే అభిమానం ఉంది కనక చెప్తున్నా."

అభిమానం మాట నిజమే. అన్నం ముద్ద పాడవకముందే తినెయ్యమని కూడా చెప్పాడు.

*

శనివారం వాన రేకుల కప్పు మీద డప్పు వాయిస్తోంది. కిసా వెళ్ళింది చూడ్డానికే. చూడ్డానికి వచ్చినవాళ్ళను చూడనివ్వడం మాస్టారి బడిలో అలవాటు లేదు. పది నిమిషాల్లో ఆమెకు పొట్టకో పలక, చేతులకు దిండ్లలాంటి తొడుగులు, తలకు ఇనప ఊచల ముసుగు కట్టేశారు. ముసుగు లోపల ముప్పై ఏళ్ళ చెమట కాపురం చేస్తోంది. కిసాకు కళ్ళ నీళ్ళొచ్చాయి.

"తాడు బిగిసిందా ఆంటీ?" అంది వెనక ముడి వేస్తున్న పిల్ల.

ముప్పై ఆరేళ్ళకే ఆంటీ! కిసా తిరిగి చూసింది. పన్నెండేళ్ళుంటాయి, మూతి ముడుచుకుని ఉంది. మాస్టారి మనవరాలు నావో.

"సోకిచి పిడికిలి గీసింది మీరేనంట కదా? మీవల్లే నా పాయింటు పోయింది. మీరంటే నాకు చచ్చేంత కోపం." ముడి గట్టిగా లాగింది. "వెళ్ళేటప్పుడు సంతకం పెట్టి వెళ్తారా? బొమ్మ కూడా వేసివ్వాలి."

మొదటి మ్యాచ్ వాళ్ళిద్దరికే పెట్టారు. నావో వెదురు కత్తి కదలకుండా పట్టుకుని నిలబడింది. కిసా కత్తి మాత్రం వానలో తడిసిన కోడిపిల్లలా వణుకుతోంది. "మొదలు!" అన్నారు మాస్టారు. కిసా ఒక అడుగేసింది. తొడుక్కున్న పొడుగు లాగు అంచు ఆ అడుగు కిందే ఉంది. ఇంక ఆగలేదు. ముందుకు తూలింది, చేతులు పైకి పోయాయి, వాటితో పాటు కత్తీ పోయింది, దిగేటప్పుడు తిన్నగా నావో నెత్తిన దిగింది. ఠప్పుమంది! పాయింటు కిసాదేనని మూడు తెల్ల జెండాలు లేచాయి.

ఆ తర్వాత జరిగినదానికి కిసా బాధ్యురాలు కాదు. ఆమె చెయ్యి బాధ్యురాలు. ఆరేళ్ళ అలవాటు, ఆమె గీసిన బొమ్మే ఆమెను గీసేసింది. ఎగిరింది. పిడికిలి కప్పు వైపు లేచింది.

"కొట్టేశా!"

మూడు జెండాలూ దిగి అడ్డంగా ఊగాయి. గోడ వెంబడి కూర్చున్న ఇరవై మంది పిల్లలూ ఒక్క గొంతుతో, ఆనందం పట్టలేక, "రద్దూ!" అని అరిచారు. వాళ్ళకు అంతటి పండగ ఈ ఏడాదిలో రాలేదు.

కిసా తల ఎత్తి తన చేతిని తానే చూసుకుంది. బొద్దుగా ఉన్న ఆ తొడుగు ఊచల ముందు అడ్డంగా ఉంది. దాని వెనక ఏమీ కనబడట్లేదు. మెల్లగా దించింది. నావో అప్పటికే తన చోటికి వెళ్ళి, కత్తి ఎదురుగా పెట్టి, ఈ ఆంటీ గంతులు ఎప్పుడు ముగుస్తాయా అని ఓపిగ్గా చూస్తోంది. అంతసేపూ ఆ పిల్ల అక్కడే నిలబడి ఉంది. కిసాకు సిగ్గేసింది, నిజంగా, చెవుల దాకా పాకిన సిగ్గు.

తర్వాత నావోకు తనకంటే తలెత్తు పొడుగున్న అమ్మాయితో మ్యాచ్ పడింది. ఈసారి కిసా గోడ పక్కన కూర్చుని పెన్సిల్ తీసింది. నావో కొట్టింది, పక్కనుంచి దూసుకుపోయింది, గిర్రున తిరిగింది, కత్తి చాచి నిలబడింది. కదల్లేదు. కదల్లేదంటే కిసా కళ్ళకు అబద్ధం. ఎడమ కాలి చిటికెన వేలు నేలను గట్టిగా పట్టుకుంటోంది. ముసుగు వెనక తాడు కొసలు వణుకుతున్నాయి. పొట్ట మీది పలక లేస్తోంది, పడుతోంది. మనిషంతా కుక్కర్ మూతలా అదురుతోంది, కానీ మూత ఊడట్లేదు. తాత ఎత్తిన జెండా ఈసారి దిగలేదు.

మ్యాచ్ అయ్యింది. నావో వంగి నమస్కరించి, నెమ్మదిగా నడిచి, చెప్పుల అర వెనక్కి వెళ్ళింది. కిసా మెడ సాచి చూసింది. అక్కడ, ఎవరూ చూడట్లేదనుకుని, ఆ పిల్ల మూడుసార్లు ఎగిరి మూడుసార్లూ పిడికిలెత్తింది. నోరు పెద్దగా తెరిచింది, చప్పుడు మాత్రం రానివ్వలేదు.

*

మూడు రోజులు కిసా బల్ల దగ్గర్నుంచి లేవలేదు. చితచితలాడే వానల రోజులు, రంగులు ఆరక పక్క గదిలో షీట్లు ఒకదానికొకటి అంటుకుంటున్నాయని గొడవ. మంగళవారం ఉషియో వచ్చి భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఇదేంటి, వీడు ఎగరడా?"

"ఎగరడు. కొట్టి నిలబడతాడు. కదలడు."

ఉషియో ముఖం విప్పారింది. "కదలడా? తొమ్మిది సెకన్లూ? అంటే ఒక్క బొమ్మ చాలు! తొమ్మిది సెకన్లకు ఒకే ఒక్క కాగితం!" చెయ్యి దానంతటదే పైకి లేవబోయింది, ఆపుకున్నాడు. "మొమోసే, నువ్వు ఇంత తెలివైనదానివని నాకు ఇన్నాళ్ళూ తెలియదు."

"నూట ఎనభై కాగితాలు," అంది కిసా.

"ఏంటీ?"

"నూట ఎనభై. చిటికెన వేలు కదులుతుంది. తాడు కొసలు కదులుతాయి. ఊపిరి కనబడాలి. ఎగరడం గీయడం సులువండీ, గాల్లో ఉన్నప్పుడు ఎవరూ ఏమీ చూడరు."

"కదలకుండా నిలబడటానికి నూట ఎనభై కాగితాలా!" ఉషియో కుర్చీలో కూలబడి కడుపు పట్టుకున్నాడు. "డైరెక్టరుగారి పక్క మంచం ఖాళీగా ఉందేమో కనుక్కోండి ఎవరైనా."

బుధవారం పొద్దున్న కమేగయా గారే వచ్చారు. బొమ్మల కంపెనీ అధినేత, యాభై ఏళ్ళ గుండ్రటి మనిషి, చేతిలో తీపి ఎర్రచిక్కుళ్ళ రొట్టెల డబ్బా. కిసా కబురు పెడితే ఇవాత్సుకి మాస్టారూ వచ్చారు. అందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మధ్యలో "ఫైనల్ సోకిచి" నిలబడ్డాడు. కిసా ఆఖరి మ్యాచ్ బొమ్మల్ని వరసగా గోడకు గుచ్చింది. కమేగయా గారు ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్ళి, చివరి దాని దగ్గర ఆగారు.

"పిడికిలి ఏది?"

ఉషియో నోరు తెరిచాడు. కచ్చితంగా 'జాగ్రత్తగా పరిశీలిస్తాం' అనబోతున్నాడు. కిసా అడ్డు పడింది.

"ఎత్తడండీ."

"ఎందుకెత్తడు?"

"పెద్దవాడయ్యాడు." కిసా ఆ చివరి బొమ్మను వేలితో చూపించింది. "తొమ్మిదేళ్ళప్పుడు వాడికి తను ఒక్కడే కనబడేవాడు. ఇప్పుడు ఎదుటివాడు కనబడుతున్నాడు. ఇది నా మొదటి భాగం. మీరు వద్దంటే పోతుంది. పోయినా సరే, ఇది మాత్రం మార్చలేను."

కమేగయా గారు బొమ్మ వీపు నొక్కారు. టక్! వదిలారు. మళ్ళీ నొక్కారు. టక్!

"నాకీ పిడికిలి ఎందుకిష్టమో తెలుసా? ముప్పై రెండేళ్ళ కిందట, హైస్కూల్లో, జిల్లా ఫైనల్. నేను కొట్టాను. అబ్బ, ఏం దెబ్బండీ అది! చెయ్యి లేచిపోయింది. రద్దన్నారు. ఆ తర్వాత చేతులు ఆడలేదు, ఓడిపోయాను. మళ్ళీ కెండో జోలికి పోలేదు." టక్! "ఆరేళ్ళ కిందట మీ సోకిచిని చూశాను. వీడు ఎత్తుతున్నాడు, వీడికి ఎవ్వరూ రద్దు చెప్పట్లేదు! ఆ రోజే డబ్బు పెడతానని సంతకం చేశాను. వీడు ఎత్తిన నూట డెబ్బై రెండుసార్లూ మా ఇంట్లో టీవీ ముందు నేనూ ఎత్తాను. మా ఆవిడను అడగండి, నవ్వి నవ్వి చచ్చిపోతుంది."

మాస్టారు చేతిలో రొట్టె పక్కన పెట్టారు.

"ఆ రెఫరీ చేసింది సరైన పనే."

ఉషియోకు రొట్టె గొంతులో అడ్డం పడింది. కిసా వీపు మీద రెండు చరిచింది. కమేగయా గారు మాస్టారి వంక చాలాసేపు చూసి, ఎందుకో, తలూపారు.

"అయ్యుండొచ్చు. సరే. మీవాడు కొట్టాడు, నిలబడ్డాడు. నిలబడి ఎదుటివాణ్ణి చూస్తున్నాడన్నారు. ఆ ఎదుటివాడు ఎలా ఉంటాడు?" గోడ వైపు చెయ్యి చూపించారు. "ఇందులో లేడే! ఆ రోజు నా ఎదురుగా ఉన్నవాణ్ణి నేను చూడలేదు. నా పిడికిలే అడ్డమొచ్చింది. అంతా అయ్యాక వాడు ముసుగు తీసేటప్పుడు నేను ఏడుస్తూ నేల చూస్తున్నాను. వాడి ముఖం చూపించండి. నాకు నచ్చితే పిడికిలి తీసేయండి, ఆ డబ్బాలు నేను చూసుకుంటాను. నచ్చకపోతే పిడికిలి ఉంటుంది, ఈ భాగం వేరేవాళ్ళు తీస్తారు."

కిసాకు ప్రాణం లేచొచ్చింది. ముఖమే కదా! "ఉషియో గారూ, సోకిచి ప్రత్యర్థుల బొమ్మల ఫైలు ఇలా ఇవ్వండి."

ఉషియో కదల్లేదు. మెడలో తాళంచెవిని గుప్పెట్లో పట్టుకున్నాడు.

"ఉషియో గారూ?"

"అదీ... ఆ ఫైలంటే... లేదు."

"లేదంటే?"

"ముసుగులుంటాయి కదమ్మా అందరికీ! ఊచల వెనక రెండు కళ్ళు కనబడితే చాలు. ముఖాలెందుకు గీయించాలి, అనవసరపు ఖర్చు."

"సరే, ఆ కళ్ళు గీసిందెవరు? వాటితో మొదలుపెడతాను."

ఉషియో నుదురంతా చెమట పట్టింది. బల్ల కిందకు దూరే వీలుంటే దూరేవాడు. "నువ్వే," అన్నాడు చివరికి, ఎవరికీ వినబడకూడదన్నంత చిన్నగా. "అవి సోకిచి కళ్ళే. షీటు తిరగేసి వాడాను. తిరగేస్తే ఎడమది కుడి అవుతుంది కదా, ఎవరు కనిపెడతారు? ఆరేళ్ళూ... అందరికీ అవే."

మాస్టారు నిదానంగా నోటుపుస్తకం తెరిచి, పెన్సిల్ కొస నాలుకకు తాకించారు.

"అంటే నూట డెబ్బై రెండు గెలుపులూ రద్దు. నూట డెబ్బై రెండు ఓటములు మాత్రం వాడివే." రాసుకున్నారు. "ఇంత దురదృష్టపు ఆటగాణ్ణి నేను ఎక్కడా చూడలేదు."

కమేగయా గారు పకపకా నవ్వారు. నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, కోటు అందుకోబోయారు. "అయితే ముఖం లేదన్నమాట. పాపం. ఇంక నేను..."

"కూర్చోండి," అంది కిసా. అధినేతతో అలా మాట్లాడతారా అని ఉషియో మూలిగాడు. ఆమె వినిపించుకోలేదు. కొత్త కాగితం బల్ల మీద పరిచింది, గడ్డం రావాల్సిన చోట పెన్సిల్ ఆనించింది.

ఎవరి ముఖమో ఆమెకు తెలియదు. తెలిసిందల్లా శనివారం తన తొడుగు దించినప్పుడు కనబడింది మాత్రమే. ఎదుటివాళ్ళ గంతులు ముగిసేదాకా కత్తి దించకుండా నిలబడ్డ ఓపిక. ఆ ఓపికను పదిహేనేళ్ళ కుర్రాడి దవడలో పెట్టింది. నుదుటి మీద తలగుడ్డ నొక్కిన గీత. చెమటకు అణిగిపోయిన జుట్టు. కొరుక్కున్న కింది పెదవి. కళ్ళు మాత్రం కిందికి దించలేదు. సోకిచి కళ్ళు కావవి, కొంచెం చిన్నవి, తిన్నగా ఎదుటివాణ్ణి చూస్తున్నాయి. చివరగా చెవులు వేయడం మొదలుపెట్టింది.

ధడేల్మని కుర్చీ వెనక్కి పడింది. కమేగయా గారు లేచి నిలబడ్డారు. బల్లకు ఆయన పొట్ట తగిలి "ఫైనల్ సోకిచి" వెల్లకిలా పడ్డాడు. టక్! పిడికిలి కప్పు వైపు లేచింది. ఎవరూ దాన్ని చూడలేదు.

"ఎడమ చెవి అలా కాదు," అన్నారు కమేగయా గారు. "ఇంకొంచెం బయటికి ఉంటుంది. పైన చిన్న గాటు ఉంటుంది."

కిసా పెన్సిల్ ఆగిపోయింది. "ముఖం చూడలేదన్నారు కదండీ?"

"చూడలేదనే అనుకున్నాను. ముప్పై రెండేళ్ళుగా." ఆయన వేళ్ళు కాగితం అంచును పట్టుకున్నాయి. చిటికెన వేలు అన్నిటికంటే గట్టిగా పట్టుకుంది. "ముసుగు తీసి నా దగ్గరకు వచ్చాడు. నేను నేల చూస్తూంటే వంగి మరీ నా ముఖంలోకి చూశాడు. నాతో ఒక మాట అన్నాడమ్మా. నేను జవాబు చెప్పలేదు."

"ఏమన్నాడు?" అన్నారు మాస్టారు.

కమేగయా గారు కాగితం మీది ఎడమ చెవినే చూస్తూ చెయ్యి చాచారు.

"ముందు ఆ పెన్సిల్ ఇటివ్వండి."